జపమాల లెక్క

విస్తులా నది దగ్గర, ఆగస్టు 1920

అమ్మా, కాళ్ళూ చేతులూ అన్నీ ఉన్నాయి, ఆకలీ బాగానే వేస్తోంది. ఇప్పుడు నాలుగు ఫిరంగులకు నేనే అధికారిని.

మొన్న రష్యా బోల్షివిక్కులు వాగు వంతెన దగ్గరికి వచ్చేసరికి, కంగారులో గురి దూరం జర్మన్ భాషలో అరిచేశాను. జర్మనుల ఏలుబడిలో, మన భాష పలకనివ్వని బళ్ళో పంతులు బెత్తంతో నేర్పిన లెక్కలు కదా, ముందు అవే నోటికొస్తాయి. ఫిరంగి పేల్చే ముసలి వాలెంతి ఇరవయ్యేళ్ళు రష్యా జారు చక్రవర్తి సైన్యంలో చేసినవాడు. అతనికి ఒక్క ముక్క అర్థం కాలేదు.

"లెఫ్టినెంటుగారూ, ఇంతకీ మనం ఎవరి సైన్యం?" అన్నాడు.

"పోలండుదేనయ్యా."

"అయితే మన భాషలో చెప్పండి, పేలుస్తా."

అప్పుడు, తలుపు గడియపెట్టి నువ్వు జపమాల పూసల మీద నేర్పిన మన పోలిష్ అంకెలు గుర్తొచ్చాయి. అవే చెప్పాను. రెండో గుండుకే వంతెన కూలింది. వాళ్ళు ఇటు దాటలేదు.

ఉన్ని మేజోళ్ళు రెండు జతలు పంపు. ఆవు ఈనిందా? అక్క కూతురు బ్రోంకా చేత బళ్ళో ఏ భాషలో లెక్కపెట్టిస్తున్నారో కనుక్కో. పాత పంతులే ఉంటే, నేను అడిగానని చెప్పు.

అక్కకు, బ్రోంకాకు నా ముద్దులు. నువ్వు మాత్రం ఇక జపం చేసేటప్పుడు తలుపు గడియ పెట్టకమ్మా. వీధిలోకి వినపడేలా లెక్కపెట్టు.

నీ కొడుకు,
చెస్వాఫ్