రెండు డ్రైవర్ల కంప్యూటర్

మిర్యాలగూడ
9 జూలై 2012, సోమవారం

ప్రియమైన మీకు,

పొద్దున్నుంచి రెండుసార్లు ఫోన్ చేశాను, ఎత్తలేదు. తనిఖీ బృందం వస్తోందని కాలేజీలో ల్యాబ్ వాళ్ల ఫోన్లన్నీ ఆఫీసులో పెట్టించుకుంటున్నారని మీరే చెప్పారు కాబట్టి అలగలేదు. అయినా ఇది ఫోన్లో తేలే సంగతి కాదు. పోయినసారి కంప్యూటర్ ఆగితే మీరు కోదాడ నుంచి చెప్పడం, నేనిక్కడ టైప్ చేయడం, ఒక్క ఖాళీ ఎక్కువ పడిందని గంటసేపు ఇద్దరం అరుచుకోవడం ఇంకా మరిచిపోలేదు. అందుకే కాగితం మీద పెడుతున్నాను. కోదాడ బస్సు కండక్టర్ మోతీలాల్ అన్న తెచ్చిస్తాడు. జవాబు కూడా ఆయన చేతికే ఇవ్వండి.

మన నెట్ సెంటర్‌లో మొన్నటి ఉరుముల వానకు రెండు కంప్యూటర్లు కాలిపోయాక మిగిలింది ఒక్కటే కదా, మీరు విండోస్ బదులు లినక్స్ ఎక్కించినది. వైరస్ లేదు, గోల లేదు అని మురిసిపోయాం. ఇప్పుడు అందులో బ్రౌజర్ తనంతట తానే మూసుకుపోతోంది. మెయిల్ చూసినంతసేపు బుద్ధిగానే ఉంటుంది. ఇంజనీరింగ్ కౌన్సెలింగ్‌లో కాలేజీలు ఎంచుకునే పేజీ తెరిచామా, రెండు నిమిషాల్లో మాయం.

ఆ పేజీతో పని ఒక అమ్మాయిది. డిప్లొమా చదివి, ప్రవేశ పరీక్ష రాసి, మంచి ర్యాంకు తెచ్చుకుంది. నేరుగా ఇంజనీరింగ్ రెండో సంవత్సరంలో చేరవచ్చు. కానీ శనివారం సాయంత్రం ఐదులోపు కాలేజీల వరుస నింపి పంపకపోతే ఆ ర్యాంకు చిత్తుకాగితమే. ఏం చేయాలో వెంటనే రాయండి.

అత్తమ్మ బాగున్నారు. మామయ్య గొర్రెలను దామరచర్ల వైపు తోలుకుపోయారు. వేళకు తింటున్నారా?

మీ
గీత

*

కోదాడ
10 జూలై, మంగళవారం

నెట్ సెంటర్ యజమానురాలు, నా ప్రియమైన గీతకు,

నీ ఉత్తరం మధ్యాహ్నం అందింది. మోతీలాల్ అన్న అది ఇస్తూ, "ఏంది తమ్మీ, పెండ్లయి నాలుగేండ్లాయె, ఇంకా లవ్ లెటర్లేనా?" అని బస్టాండంతా వినపడేలా అన్నాడు. అవునన్నాను. లోపలున్నది బ్రౌజర్ జబ్బు అని చెబితే పరువు పోతుంది.

నీ చేయి పడితే ఏ మిషనైనా మూలన పడాల్సిందే, తెలిసిందే కదా. సరే, విను. ముందు బ్రౌజర్‌ను సేఫ్ మోడ్‌లో తెరువు. అదనంగా తగిలించుకున్నవన్నీ పక్కనపెట్టి తెరుచుకుంటుంది. అప్పటికీ పడిపోతే సెట్టింగుల్లోకి పోయి హార్డ్‌వేర్ యాక్సిలరేషన్ అనే టిక్కు తీసెయ్. బొమ్మలు గీసే పని గ్రాఫిక్ కార్డుకు ఒప్పజెప్పకుండా బ్రౌజరే చేసుకుంటుందన్నమాట. అదీ కాకపోతే టెర్మినల్‌లోంచి, అదే ఆజ్ఞలు టైప్ చేసే నల్ల కిటికీలోంచి, తెరిచి, పడిపోయేటప్పుడు అక్కడ ఏం రాస్తుందో ఉన్నదున్నట్టు కాగితం మీదికి ఎక్కించి పంపు. టైప్ చేయాల్సినవి ఇంగ్లీషులో వేరే కాగితం మీద రాశాను. ఖాళీ వదలాల్సిన చోటల్లా చిన్న గీత పెట్టాను, చూసుకో.

ఈలోగా ఆ అమ్మాయిని స్టేషన్ రోడ్డు సెంటర్‌కు పంపెయ్. ఒక్క గిరాకీ కోసం నువ్వెందుకు పరేషాన్ కావడం? ఇక్కడ తనిఖీ పని నా ప్రాణం తీస్తోంది. ఈ ఆదివారం కూడా ఇంటికి రాలేను. అన్నం వేళకే తింటున్నాను, పప్పు మాత్రం నీళ్లే.

నీ
ప్రేమ్‌కుమార్

*

మిర్యాలగూడ
11 జూలై, బుధవారం

ప్రియమైన మీకు, కొంచెం కోపంతో,

పంపను. మళ్లీ ఆ మాట రాయకండి.

ఆ అమ్మాయిని దుర్గమ్మ అనుకోండి. పెళ్లయిన పిల్ల. స్టేషన్ రోడ్డు సెంటర్‌లో ఆమెకు తెలిసినవాళ్లు కూర్చుంటారు. సీటు రాకముందే నలుగురి నోళ్లలో పడటం ఆమెకు ఇష్టం లేదు. ప్రవేశ పరీక్ష రాయడం ఇది రెండోసారట. మూడోసారి రాస్తానంటే వినే ఓపిక ఎవరికీ ఉండదు, ఆమెకు కూడా. కాబట్టి ఈ కంప్యూటరే, ఈ శనివారమే.

మీరు చెప్పినవన్నీ చేశాను. సేఫ్ మోడ్‌లోనూ పడిపోయింది. ఆ టిక్కు తీసేశాక మాత్రం పావుగంట నిలబడింది. హమ్మయ్య అనుకుని ముప్పై ఏడు కాలేజీలు వరుసగా పెట్టాం. ముప్పై ఎనిమిదోది పెడుతుంటే తెరంతా బిగుసుకుపోయింది. మౌసు కూడా కదల్లేదు. స్విచ్ ఆపి మళ్లీ వేసి చూస్తే ముప్పై ఏడూ లేవు. మధ్యలో సేవ్ నొక్కాలన్న ధ్యాస ఎవరికుంది? దుర్గమ్మ అక్కడే బల్ల మీద తల పెట్టి ఏడ్చింది. మీరు చూసి ఉంటే స్టేషన్ రోడ్డు ఊసెత్తేవారు కాదు.

టెర్మినల్ రాసినదంతా వెనక పేజీలో ఎక్కించాను. చివర్లో ‘సెగ్మెంటేషన్ ఫాల్ట్’ అని వస్తోంది. నాకు అర్థం కానిది ఇంకొకటుంది. గ్రాఫిక్ డ్రైవర్ వెర్షన్ అని రెండు చోట్ల ఉంది, రెండు చోట్లా నంబర్లు వేరు. ఇది మామూలేనా? మామూలైతే నన్ను వెక్కిరించి వదిలేయండి. కాకపోతే దాన్ని పట్టుకోండి.

మీ
గీత

*

కోదాడ
12 జూలై, గురువారం

ప్రియమైన గీతకు,

మామూలు కాదు. నీ కళ్లకు దండం పెట్టాలి. ఆ రెండు నంబర్లు చూశాక నాకు కాఫీ కూడా రుచించలేదు, ఎందుకంటే తప్పు నాది. నీ చేయి పడితే మూలన పడుతుందని కూసినందుకు నన్ను నాలుగు తిట్టు.

పోయిన ఎండాకాలం సూర్యాపేటలో పాత సామాన్ల దుకాణంలో గ్రాఫిక్ కార్డు కొని అందులో పెట్టాం కదా. తమ్ముడు సంతోష్ ఆటలు ఆడుకుంటానని వెంటపడితే, నువ్వు అమ్మతో సంతకు పోయినప్పుడు, కార్డు కంపెనీవాళ్ల సొంత డ్రైవర్‌ను, అంటే కార్డును నడిపించే సాఫ్ట్‌వేర్‌ను, ఇక్కడి ల్యాబ్ సీడీలోంచి చేత్తో ఎక్కించాను. లినక్స్‌కు తెలిసేలా పద్ధతి ప్రకారం ఎక్కించలేదు. నీకూ చెప్పలేదు. తర్వాత అప్‌డేట్ వచ్చినప్పుడు ‘ఈ కార్డుకు డ్రైవర్ ఉంది, వేయనా?’ అని లినక్స్ నిన్ను అడిగి ఉంటుంది. అడిగినదానికల్లా సరే అను అని నీకు నేర్పింది కూడా నేనే. అట్లా రెండో డ్రైవర్ వచ్చి మొదటిదాని మీద కూర్చుంది. సగం ఫైళ్లు దానివి, సగం దీనివి. ఒకరు ఉప్పేసిన కూరలో తెలియక ఇంకొకరు ఉప్పేసినట్టు అయింది. మామూలు పేజీలకు గ్రాఫిక్ పని తక్కువ, బండి నడిచిపోతుంది. బరువైన పేజీ వస్తే బ్రౌజర్ కూలబడుతుంది.

రెండింటినీ పీకేద్దాం. లినక్స్‌తో పాటు వచ్చే సాదా డ్రైవర్ చాలు. ముందు నేను ఎక్కించినది, తర్వాత నువ్వు ఎక్కించినది, ఈ వరుసలోనే తీయాలి. ఆజ్ఞలు వేరే కాగితం మీద ఉన్నాయి. తీసేశాక కంప్యూటర్ ఆపి మళ్లీ వేస్తే తెర చాలాసేపు నల్లగా ఉంటుంది. భయపడి స్విచ్ నొక్కవద్దు. వచ్చాక అక్షరాలు లావుగా, మొరటుగా కనపడతాయి. కనపడనీ. బ్రౌజర్ నిలబడుతుంది.

పది కాలేజీలకొకసారి సేవ్ నొక్కించు. ఆ అమ్మాయిని ఎక్కడికీ పంపకు. ఆమె సీటు పోతే ఆ పాపం నాది.

నీ
ప్రేమ్‌కుమార్

*

మిర్యాలగూడ
14 జూలై, శనివారం సాయంత్రం

ప్రియాతిప్రియమైన మీకు,

నిలబడింది!

ముందు ఈ ఒక్క మాట చదివి ఊపిరి తీసుకోండి, మిగతాది నిదానంగా చదవవచ్చు.

నిన్న కరెంటు లేదు, ఏమీ చేయలేకపోయాను. ఈరోజు పదకొండుకు మీ కాగితం ముందు పెట్టుకుని, ఒక్కో అక్షరం వేలితో చూపించుకుంటూ కొట్టాను. మీది పోయింది, నాది పోయింది. ఆపి వేస్తే తెర నల్లగా అయింది. ఎంతకీ వెలగదే! చూడలేక బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాను. అత్తమ్మ చూసి, "ఏమాయె బిడ్డా, గట్ల మొఖం ఏలాడేసినవ్?" అన్నారు. కంప్యూటర్ లేస్తలేదు అత్తమ్మా అన్నాను. "లేస్తది తియ్. దాని మీన పడి సూస్తుంటే ఎట్ల లేస్తది? జరంత సేపు ఇడిసిపెట్టు" అని మంచినీళ్లు ఇచ్చారు. నీళ్లు తాగి లోపలికి పోతే తెర వెలిగి ఉంది. అక్షరాలు గోడ మీద ఎన్నికల రాతల్లా ఉన్నాయి. అంత అందమైన అక్షరాలు నేను పుట్టి చూడలేదు.

తర్వాత నాలుగు గంటలపాటు బ్రౌజర్ కిక్కురుమనలేదు. అరవై రెండు కాలేజీలు పెట్టాం. పదికోసారి సేవ్. మొదటి పేరు మీ కోదాడ కాలేజీ. నాలుగుంపావుకు పంపేసి, ప్రింటు తీసి, ఆ కాగితాన్ని నాలుగుసార్లు చదివాం. దుర్గమ్మ ఈసారి నవ్వుతూ ఏడ్చింది.

తప్పు నాదని రాశారు చూడండి, ఆ ఉత్తరం దాచుకున్నాను. పెళ్లయ్యాక ఆ మాట కాగితం మీద దొరకడం ఇదే మొదలు.

మీ
గీత

*

కోదాడ
16 జూలై, సోమవారం

ప్రియమైన గీతకు,

శనివారమంతా గడియారం చూస్తూనే ఉన్నాను. తనిఖీవాళ్లు ఏదో అడిగితే ఇంకేదో చెప్పాను. ఐదయ్యాక ల్యాబ్‌లో కూర్చోలేక వరండాలో తిరిగాను, ఆ పిల్ల బతుకు నా సీడీ వల్ల పాడైందేమోనని. ఈరోజు ‘నిలబడింది’ అన్న మాట చదివి మోతీలాల్ అన్నను అక్కడే కౌగిలించుకున్నాను. "గంత మంచి లవ్ లెటరా తమ్మీ!" అన్నాడు. అవునన్నాను, ఈసారి అబద్ధం కాదు.

తనిఖీ కూడా గట్టెక్కింది. ఫోన్ చేతికొచ్చింది, కానీ ఉత్తరం రాయడమే బాగుంది.

ఒక్కటి అర్థం కాలేదు. మంచి ర్యాంకని రాశావు, దానికి హైదరాబాదులో ఇంతకంటే మంచివి వస్తాయి కదా. దుర్గమ్మ ఏం చూసి మా కాలేజీని మొదట పెట్టింది? నువ్వైనా చెప్పాల్సింది. సీట్ల జాబితా వచ్చాక ఏమైందో రాయి. ఇక్కడే వస్తే మాత్రం మన మనిషిలా చూసుకుంటాను, దిగులు పడొద్దని చెప్పు.

నీ
ప్రేమ్‌కుమార్

*

మిర్యాలగూడ
23 జూలై, సోమవారం

నా ప్రియమైన మీకు,

జాబితా వచ్చింది. కోదాడలోనే, మీ కాలేజీలోనే, కంప్యూటర్స్‌లో సీటు. చదివింది కూడా ఆ లావు అక్షరాల్లోనే.

ఇప్పుడు మీరు ఎక్కడున్నా కూర్చోండి. దుర్గమ్మ అనే మనిషే లేదు. అది నేనే. బల్ల మీద తల పెట్టి ఏడ్చిందీ నేనే, మళ్లీ నవ్విందీ నేనే. మే నెలలో పిన్ని కూతురి పెళ్లిచూపులని నల్లగొండ పోయాను కదా, పరీక్ష రాయడానికి పోయాను.

ఎందుకు దాచానంటే, పోయినేడు నా ర్యాంకు చూసి మీరు, "గీ ర్యాంకుకు బస్సుల గూడ సీటు దొరకది" అని నవ్వారు. తమాషాకే అన్నారు, నాకు తెలుసు. అయినా ఆ నవ్వు నాకు చాలా రోజులు గుచ్చుకుంది. ఈసారీ తప్పితే మళ్లీ ఆ నవ్వు వినలేననిపించింది. అందుకే గెలిచేదాకా వేరే పేరు పెట్టుకున్నాను. తీరా చూస్తే, ముక్కూమొహం తెలియని దుర్గమ్మ కోసం మీరు అంత తపించిపోయారు. ఆ ఉత్తరాలు చదివినప్పుడల్లా, ఇంత మంచి మనిషికా చెప్పకుండా దాచాను అని సిగ్గేసింది. క్షమించండి.

అత్తమ్మకు నిన్ననే చెప్పాను. "మరి సెంటర్ ఎవలు సూస్కుంటరు?" అన్నారు. మూసేద్దాం అన్నాను. "ఎందుకు మూసుడు? సంతోష్‌గాడున్నడు, నేనున్న. గా ఎలుక తీరు ఉన్నదాన్ని ఎట్ల వట్టాలె, సూపియ్యి" అని వచ్చి కుర్చీలో కూర్చున్నారు. ఈ పొద్దున ఆవిడ ముద్దపప్పు కలిపినంత గట్టిగా మౌసు పట్టుకుని మెయిల్ పేజీ దాకా పోయారు.

దుర్గమ్మ ఏం చూసి పెట్టిందని అడిగారు. మొగుడిని చూసి పెట్టింది. నాలుగేళ్లుగా వారానికొక ఆదివారం, అదీ దొరికితే. హైదరాబాదు నాకెందుకు?

శుక్రవారం పది గంటలకు చేరాలి. మొదటి బస్సుకు వస్తున్నాను. ఫారంలో భర్త సంతకం అన్న గడి ఖాళీగా ఉంచాను, పెన్ను తెచ్చుకోండి. గేటు దగ్గర నన్ను చూసి మీరు నవ్వాలి. పోయినేటి నవ్వు కాదు, నా పెళ్లాం అని పదిమందికి చూపించి నవ్వే నవ్వు. సీటుకన్నా ముందు దాని కోసమే వస్తున్నాను.

ఇక అన్నీ మీకే చెప్పే
మీ గీత