తసా గొంతుకు మీరిచ్చిన ధ్రువపత్రం

పశువైద్యాధికారి వారి సముఖమునకు, అట్లాస్ కొండల దిగువ ఐత్ వజ్జూ గ్రామ కాపురస్తుడు, సైనిక అశ్వశాలలో ఇరవై రెండేళ్లు గుర్రాలను సాకి విరమించిన బాస్సూ ఔమోహా వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: మా ఆడగుర్రం తసా సంపూర్ణ ఆరోగ్యంతో ఉన్నదని తాము దయచేసిన ధ్రువపత్రం వచ్చే శుక్రవారం లోపల రద్దు చేయుట గురించి.

మా గుర్రానికి జబ్బుందని రాసివ్వండి మహాప్రభో అని కాళ్లావేళ్లా పడేవాడిని తమరు ఇంతవరకు చూసి ఉండరు. చూడండి.

1. గత సోమవారం ఉదయం తమరు మా ఊరికి విచ్చేసి, అత్తిచెట్టు నీడన కుర్చీ వేయించుకుని, రెండు గ్లాసుల పుదీనా టీ సేవించి, పదిహేను గుర్రాలను పరీక్షించినట్లు నమోదు చేసియున్నారు. తసా వంతు వచ్చినప్పుడు "శ్వాసలో చప్పుడు లేదు" అని రాశారు. నిలబడ్డ గుర్రానికి చప్పుడెందుకుంటుందయ్యా? గురక పెట్టే మనిషిని మెలకువగా ఉన్నప్పుడు విని పోయినట్టుంది. ఒక్క చుట్టు దౌడు తీయించి వినండని విన్నవించుకోగా తమరు సెలవిచ్చినది: "గుర్రం నిక్షేపంలా ఉంది ముసలాయనా. ఎండ మండిపోతోంది, కావాలంటే నువ్వు పరుగెత్తు." అందరూ నవ్వారు. నేను నవ్వలేదని గమనించ ప్రార్థన.

2. సదరు గుర్రం దౌడు తీసినప్పుడు గాలి లోపలికి పీల్చిన ప్రతిసారీ రంపం కోసినట్టు మోత వస్తుంది. గొంతులో ఎడమవైపు తలుపు తెరుచుకోదు. తడిమితే ఆ పక్క కండ కరిగి గుంట తగులుతుంది. తమరు చెయ్యి వేసి ఉంటే తమకూ తగిలేది.

3. శుక్రవారం మా తిరునాళ్లలో బారూదు ఆట, అదే తుపాకిమందు ఆట. పదిహేను గుర్రాలు భుజం భుజం రాసుకుంటూ ఒకే వరుసలో దూసుకుపోవాలి. చివర పదిహేను తుపాకులు ఒక్క మోతగా పేలాలి. మధ్యలో కళ్లెం లాగకూడదు, పక్కకు తప్పుకోకూడదు. తసాకు సగం దూరంలోనే ఊపిరి చాలదు. నిరుడు రెండుసార్లు తూలింది. వరుసలో పడిన గుర్రం మీదా, దాని మీద ఉన్న మనిషి మీదా ఏమేం నడిచి పోతాయో తమకు వివరించనక్కర్లేదు. ఆ మనిషి నా ఒక్కగానొక్క కూతురు ఇత్తో. గుర్రాన్ని నేనే తన చేతిలో పెట్టాను, వెనక్కి లాక్కునే హక్కు నాకు లేదు.

4. వరుసకు నాయకుడైన ముఖద్దం హద్దూ తమ కాగితాన్ని నా మొహం ముందు ఆడించాడు. "పో మామా, సర్కారు ముద్రే ఉందిగా! అది ఆయాసమేంటి? బారూదు వాసన తగిలి తసా దాన్ని పిలుస్తోంది. ఊళ్లో ఎవర్నడిగినా చెప్తారు." ఇదే మాట తమ ధ్రువపత్రంలోకీ ఎక్కింది: "తుపాకిమందు పట్ల ఉత్సాహము కలది." పశువైద్యశాస్త్రంలో ఇది ఏ పేజీలో ఉన్నదో తెలియజేయగలరు.

5. ఆ మాట పుట్టించింది నేనే. మూడేళ్ల కిందట తసా మోత విని హద్దూ మొహం చిట్లిస్తే, "బారూదును పిలుస్తోందిరా, అది జాతి లక్షణం" అన్నాను. తెలిసే అన్నాను. కూతుర్ని వరుసలో చూడాలని ఆశ. తర్వాత సంతలో చెప్పాను, పెళ్లిళ్లలో చెప్పాను. ఇప్పుడు కాదంటే ఎవడూ వినడు. సిగ్గుతో చచ్చిపోతున్నాను. అయినా నేను అబద్ధమాడింది ఆశ కొద్దీ, తమరు సంతకం పెట్టింది బద్ధకం కొద్దీ.

కావున తాము గురువారం లోపల వచ్చి, గుర్రాన్ని దౌడు తీయించి, సొంత చెవులతో విని, ఆ కాగితం చింపి, గొంతుకు కోత వైద్యం చేసే పెద్దాసుపత్రికి చీటీ రాసివ్వవలెను. టీ ఇస్తాను, కుర్చీ ఇవ్వను. నా తప్పునూ తమ తప్పునూ కలిపి చిత్తగించవలెను.

తమ విధేయుడు (గురువారం సాయంత్రం వరకు),
బాస్సూ ఔమోహా

తా.క.: నిన్న జీను తుడుస్తున్న ఇత్తోకు అంతా చెప్పేశాను. తుడుస్తూనే అడిగింది: "అబద్ధం అప్పుడాడావా నాన్నా, ఇప్పుడాడుతున్నావా? నాకెలా తెలుస్తుంది? డాక్టరు గారికి నాతో పనేముంది, ఆయనెందుకు అబద్ధం రాస్తాడు?" నా కూతురు నన్ను కాదని మిమ్మల్ని నమ్ముతోందయ్యా. వచ్చి చావండి.