ఎర్రదారం కట్టిన ఆనపకాయ

1999 జూన్ 6
అత్త జోగమ్మ ఈ రోజు విత్తనాలు దాచే ఎండు ఆనపబుర్ర విప్పింది. ప్రతి ఏడూ ఇంతే. పాదుకి పట్టిన మొదటి పిందెకి ఎర్రదారం కట్టి, అది ముదిరి ఎండేదాకా కోయనివ్వదు. దాని గింజలు జలంత్రకోటలో ఉన్న కూతురు వనజకి. మిగతా కాయలవి నాకు. ఈ గుండ్రటి ఆనప మా పెరటిది, పేరు మాత్రం వనజది. పదేళ్లుగా నీళ్లు మోస్తున్నది నేను. ఒళ్లు మండింది.

జూన్ 7, మధ్యాహ్నం
అత్తకి చూపు సరిగా ఆనదు. వనజ మూట నన్నే కట్టమంది. గింజల్ని మరిగే నీళ్లలో వేసి, అయిదు నిమిషాలు ఉంచి తీశాను. నీడలో ఆరబెట్టాను. చూడ్డానికి ఫ్రెష్‌గానే ఉన్నాయి. తప్పని తెలుసు. హాయిగా ఉంది.

జులై 2
వనజ వచ్చింది. ఒక్కటీ మొలవలేదట. మొలవని విత్తనం ఇచ్చినింటికే తిరిగి రావాలి, మా ఇళ్లలో అదీ పద్ధతి. వేయగా మిగిలిన పన్నెండు గింజలూ తల్లి ఒళ్లో పోసింది. అత్త తన చేయి చెడిపోయిందని ఏడ్చింది. ఇక విత్తనం ముట్టనంది.

జులై 3
అత్త అన్నం తినలేదు. నేను రెండుసార్లు వడ్డించుకున్నాను.

అక్టోబర్ 20
తుఫానుకి వంటింటి కప్పు లేచిపోయింది. పాదు లేదు, పందిరి లేదు. ఆనపబుర్రలో నీళ్లు చేరి నా గింజలన్నీ కుళ్లాయి. ఊళ్లో ఇంకెవరి దగ్గరా లేవు. బయటివాళ్లకి పంచొద్దని అత్తతో పోట్లాడింది నేనే.

అత్త ట్రంకు పెట్టెలోంచి చిన్న మూట తీసింది. ఆ పన్నెండు గింజలే. పారేయలేదు.

"నా సెయ్యి మంచిది కాదమ్మా. నీ సేత్తో నువ్వే ఎయ్యి" అంది.

వేశాను. ఏం చేయను?

నవంబర్ 1
మొలకొచ్చిందా అని పొద్దున్నే అడుగుతుంది. రేపొస్తుందంటాను.

నవంబర్ 4
టెక్కలి వెళ్లి హైబ్రిడ్ ఆనప ప్యాకెట్ కొన్నాను. అదే పాదులో వేశాను.

నవంబర్ 11
మొలకలొచ్చాయి. అత్త వేళ్లతో తడిమి చూసి, నా రెండు చేతులూ కళ్లకి అద్దుకుంది. కోడలి చేయి చలవని ఊరంతా తిరిగి చెప్పింది. నేను సబ్బుతో చేతులు కడుక్కున్నాను.

2000 జనవరి 9
మొదటి పిందె. గుండ్రంగా లేదు, పొడుగ్గా ఉంది. అత్త ఎర్రదారం పట్టుకుని వచ్చింది. పిందెని ఈ చివర నుంచి ఆ చివరకి తడిమింది. మళ్లీ తడిమింది. దారం నా చేతిలో పెట్టేసింది.

"వనజకొద్దు. ఈ ఇత్తనం నువ్వే ఉంచుకో."

జనవరి 10
వనజ వచ్చింది. తల్లితో మాట్లాడి పాదు దగ్గరికెళ్లింది. నేనిచ్చిన మంచినీళ్లు తాగకుండా పాదులో పారబోసింది.