నాకు మగ్గం నేర్పినవానికి నేనే మగ్గం నేర్పవలెనను ఉత్తర్వు గురించి

నెమలిగడ్డ గ్రామము, చౌటుప్పల్ మీదుగా
తేది 15–4–1963

శ్రీయుత వృత్తి శిక్షణ అధికారి గారి సముఖమునకు,

నెమలిగడ్డ చేనేత శిక్షణ కేంద్రములో ఉపాధ్యాయుడు, బక్కయ్య కుమారుడు ఏసోబు, వయస్సు 22 సంవత్సరములు, మిషను బడిలో ఏడవ తరగతి పాసు, మిక్కిలి వినయముతో సమర్పించుకొను అర్జీ.

అయ్యా,

విషయం: నేత తెలిసిన వెంకటరాజమునకు నేత తెలియదని వ్రాయబడిన ఫలితమును సరిచేయుట, మరియు అతనికి నేత నేర్పు కష్టము నుండి నన్ను కాపాడుట గురించి.

1. గత సంవత్సరము ప్రభుత్వము వారు మా ఊరి బడి పక్కన ఆరు గుంటమగ్గములు వేయించి, "పనిలేని యువకులకు పని, వారి పనితో దేశమునకు సంపద" అని బోర్డు కట్టించిరి. ఆ బోర్డు అబద్ధము కాదని నేనే సాక్ష్యము. అంతకుముందు నేను వానలున్న నెలల్లో కూలికి పోయి, వానలు లేని నెలల్లో ఇంటిగోడకు ఆనుకొని కూర్చునేవాడిని. "ఏందిరా, పొద్దుందాక గోడను పట్టుకొని కూసుంటున్నవు, నువ్వు లేస్తే పడిపోతదా?" అని మా అమ్మ పుల్లమ్మ అడిగేది. ఇప్పుడు నేను ఉపాధ్యాయుడిని. గోడ అట్లనే ఉంది.

2. మా వాడ నుండి బావికి పోవు దారి పద్మశాలీల వీధి మీదుగా పోతుంది. చిన్నప్పటి నుండి ఆ ఇండ్లలో మగ్గాల చప్పుడు వింటూ పెరిగినవాడిని. కాని ఏ ఇంటి గడపా దాటి ఎరుగను. రావద్దని నన్ను ఎవరూ అనలేదు, అనవలసిన అవసరమే పడలేదు. సర్కారు మగ్గం ఎవరి ఇల్లూ కాదు గనుక, కేంద్రము తెరిచిన మొదటి రోజే దరఖాస్తు పెట్టి మగ్గపు గుంటలోకి దిగితిని.

3. చేనేత సొసైటీ నుండి నూలు రాక, ఇంట్లో మగ్గం ఉండీ పనిలేక, పద్మశాలి వెంకటరాజము కూడా నాతోపాటు చేరెను. అతని వయస్సు 24. అతని తాత, తండ్రి నేతగాళ్లే. అతడు నేర్చుకొనుటకు చేరలేదు, సర్టిఫికేటు కాయితం కొరకు చేరెను. ఈ రోజుల్లో చేతిలో పని ఉంటే చాలదు, చేతిలో పని ఉన్నదని కాయితం కూడా ఉండవలెనట.

4. అప్పటి ఉపాధ్యాయులు కృష్ణయ్య గారు మంచివారు. వారి నేత అంతా పుస్తకములో ఉండెను. ఒకనాడు మగ్గం మీద పొడవునా పరచిన పడుగులో పోగు తెగితే, తెగిన పోగును అతుకు విధానము ఏ పేజీలో ఉన్నదో వెదకసాగిరి. వెంకటరాజం లేచి రెండు వేళ్లతో ముడివేసి, "సార్, పేజి దొరికిందా?" అని అడిగెను. ఆనాటి నుండి కృష్ణయ్య గారు కుర్చీలో కూర్చుని హాజరుపట్టీ వ్రాయుటయు, వెంకటరాజం మా పన్నెండుమందికి నేర్పుటయు జరిగెను. ఎవరికీ ఇబ్బంది లేకుండెను.

5. నాకు చేతులు కుదిరినవి గాని కాళ్లు కుదరలేదు. గుంటలోని తొక్కుడుకర్రల మీద ఒక కాలు తొక్కవలసినప్పుడు రెండూ తొక్కేవాడిని. వెంకటరాజం గుంటలోకి దిగి నా పాదాలు రెండు చేతులతో పట్టుకొని ఒకటి పైకి, ఒకటి కిందికి ఆడించెను. "అన్నా, నా కాళ్లు వట్టుకుంటున్నవు, ఎవరన్న చూస్తరు" అన్నాను. "చూడనియ్యి. చేతులు వట్టుకుంటె కాళ్లకు తొక్కుడొస్తదా?" అన్నాడు. అయ్యా, ఈ పేరా అర్జీలో ఉండదగినదో కాదో నాకు తెలియదు. తీసివేయుటకు మనసు రాలేదు.

6. ఇక అసలు సంగతి. మార్చి నెలాఖరులోగా లెక్క చూపవలెనని పరీక్షను 25వ తేదీ సోమవారము పెట్టిరి. ఆనాడు అమావాస్య. అమావాస్య నాడు మా ప్రాంతపు పద్మశాలీలు మగ్గం నేయరు. దుమ్ము దులిపి, దీపం పెట్టి, దండం పెట్టి ఊరుకుంటారు. ఇది మా ఊళ్లో మేకలకు కూడా తెలుసు, ఆ రోజు చప్పుడుండదు గనుక వీధి నడిమిట్ల పండుకుంటాయి.

వెంకటరాజం స్నానం చేసి అందరికంటె ముందు వచ్చెను. సర్కారు మగ్గమును తుడిచి, దీపం పెట్టి, చేతులు కట్టుకొని పక్కన నిలబడెను. పరీక్షకులు అడిగిరి:

"ఏమయ్యా, నేయవేం?"

"ఇయ్యాల అమాస సార్."

"అమావాస్యకూ పరీక్షకూ ఏం సంబంధం?"

"అదే నేను గూడ అడుగుతున్న సార్. రేపు వెట్టుండ్రి, మీరు ఆపుమనేదాక నేస్త."

"రేపు ఉగాది, సెలవు" అని పరీక్షకులు కాగితము తీసి, "మగ్గమును ముట్టలేదు, నేతపని తెలియదు" అని వ్రాసిరి. మగ్గమును పొద్దున్నుండి ముట్టి తుడిచింది వెంకటరాజం ఒక్కడేనని నేను మనవి చేయగా, నోరు మూసుకొని నేయుమనిరి. నేను క్రైస్తవుడిని, నాకు అమావాస్య పట్టింపు లేదు. నేసితిని. ఫస్టు క్లాసు వచ్చినది. ముందురోజు ఆ పడుగు సరిచేసి పెట్టినది వెంకటరాజమే.

అయ్యా, అదే పరీక్ష ఆదివారము పెట్టి ఉంటే నేను చర్చికి పోయేవాడిని, నేతపని తెలియనివాడిని నేను అయ్యేవాడిని. కావున నా ఫస్టు క్లాసులో సగము నాది, సగము క్యాలెండరుది.

7. తరువాత కృష్ణయ్య గారికి బదిలీ అయినది. ఫస్టు క్లాసు గనుక నన్ను ఉపాధ్యాయునిగా వేసిరి. అదే కవరులో, తప్పిన వెంకటరాజమునకు ఆరు నెలలు మొదటి నుండి శిక్షణ ఇవ్వవలెనని ఉత్తర్వు. ఏప్రిల్ 2వ తేదీన అతడు వచ్చి గుమ్మములో నిలబడి, "సార్, లోపలికి రావచ్చునా?" అని అడిగెను. ఈ విడత కొత్తగా చేరిన పిల్లలంతా నవ్విరి. నేను కుర్చీలో నుండి లేవబోయి దాన్ని పడగొట్టితిని.

8. అప్పటి నుండి ఆ మనిషి నన్ను బతకనిచ్చుట లేదు. పోగును అటూ ఇటూ నడిపించు నాడెను చేతిలో తిప్పి తిప్పి చూసి, "సార్, గీ పడవ తీర్గ ఉన్నది ఏంది సార్? దీంట్ల ఏం వోస్తరు?" అని అడుగుతాడు. తప్పనిసరిగా జవాబు చెప్పవలెను, లేనిచో విద్యార్థిని నిర్లక్ష్యం చేసితినని నాపై మాట వస్తుంది. దినచర్య పుస్తకములో, "నేడు వెంకటరాజమునకు నాడె పట్టుట బోధించితిని" అని వ్రాయుచుండగా పక్కన నిలబడి, "విద్యార్థి మొద్దు అని గూడ రాయి సార్, నిజమే గద" అన్నాడు. వ్రాసితిని. 3వ తేదీ పేజీ చూడవచ్చును.

9. అతని తల్లి వెంకటనర్సమ్మ గారు మొన్న కేంద్రము ముందుకు వచ్చి, నలుగురూ వినేటట్లు, "కొడుకా ఏసోబు, మావోనికి జర జల్ది నేర్పు బిడ్డా. పదేండ్లసంది ఇంట్ల చీరెలు నేస్తున్నడు గని మగ్గం రాదట పాపం" అనెను. నేను తలుపు చాటుకు పోయితిని.

10. నవ్వులాట ఇంతవరకే. జడ్చర్లలో కొత్తగా తెరవబోవు ఉత్పత్తి కేంద్రములో నేత మేస్త్రీ కావలెనట. మే 1లోగా కాయితంతో దరఖాస్తు పెట్టవలెను. కాయితం రాకపోతే వెంకటరాజం సోలాపూర్ మిల్లుకు పోతాడు. ట్రంకుపెట్టె కూడా తెచ్చుకున్నాడు. సోలాపూర్ పోయినవాళ్లు మా ఊరికి పెండ్లికో చావుకో తప్ప రారు. అతడు పోతే నాకు చాలా బాధ అవుతుంది. ఉపాధ్యాయునిగా ఇంకొక బాధ కూడా ఉన్నది, దాచుట ధర్మము కాదు: పడుగు అయిపోయినప్పుడు పాత పోగులకు కొత్త పోగులు అతుకుట నాకు ఇంకా రాదు. మొదటి పాఠముల విద్యార్థి గనుక వెంకటరాజముచేత అతికించుటకు ఉత్తర్వు ఒప్పదు; సగము మగ్గాలు ఈ వారమే ఆగినవి. మిగతా సగము వచ్చే వారము ఆగును. పిల్లలు మళ్లీ గోడలకు ఆనుకొని కూర్చుంటారు.

కావున అమావాస్య కాని ఏ దినముననైనా, ఆదివారమైనా సరే, వెంకటరాజమునకు మళ్లీ పరీక్ష పెట్టించవలెనని ప్రార్థన. అది వీలుకానిచో నా ఫస్టు క్లాసును రద్దుచేసి, నన్ను అతనికే శిష్యునిగా చేర్చవలెనని రెండవ ప్రార్థన. ఈ అర్జీని చిత్తగించి, పిదప గోడమీది క్యాలెండరును కూడా ఒకసారి చిత్తగించవలెను.

తమ విధేయుడు,
వెంకటరాజమునకు శిష్యుడు, తమ ఉత్తర్వు ప్రకారము గురువు,
బ. ఏసోబు

తా.క. (22–4–1963, సోమవారము సాయంత్రము): అయ్యా, ఈ అర్జీ కవరులో పెట్టి స్టాంపు కొరకు ఆగి ఉండగానే తమ కొత్త ఉత్తర్వు అందినది. తప్పినవారికి మళ్లీ పరీక్ష, పరీక్షకుడు కేంద్ర ఉపాధ్యాయుడే, అనగా నేనే. సంతోషించితిమి. తేది చూసితిమి. ఏప్రిల్ 23. వెంకటరాజం వేళ్లమీద లెక్కపెట్టి, నవ్వు ఆపుకోలేక గుంట ఒడ్డున కూలబడ్డాడు. అది మళ్లీ అమావాస్య.

కాబట్టి పరీక్ష ఈ రోజే పెట్టాను, రిజిస్టరులో రేపటి తేదీ వేశాను. తమరికి ఈ కవరు అందేసరికి కాయితం జడ్చర్లకు పోయి ఉంటుంది. శిక్ష వేయదలిస్తే నాకు వేయండి. జడ్చర్లలో పని దొరికితే ప్రతి అమావాస్యకు ఊరికి వస్తానన్నాడు. ఆ రోజు మగ్గం ముట్టడు, పోగులు అతికేది నోటితో చెబుతాడు, నేను చేస్తాను.

ఇంకొక్క మాట. కేంద్రములో పడుగున్న మగ్గాలన్నిటి మీద పిల్లల నేత సగంలో ఉన్నందున పరీక్ష వెంకటరాజం ఇంట్లో అతని మగ్గం మీద మిగిలి ఉన్న కాస్త పడుగుతో పెట్టవలసి వచ్చింది. నేను అలవాటుగా వాకిట్లోనే నిలబడి, "కానియ్యి అన్నా, ఈడ్నుంచే చూస్త" అన్నాను. వెంకటనర్సమ్మ గారు లోపలినుండి కేకవేసింది: "వాకిట్ల నిలవడి ఏం పరీచ్ఛ పెడ్తవురా? నీ కండ్లు గంత దూరం కనవడ్తయా? లోపలికి రా."

లోపలికి పోయాను.

పరీక్షలో నేసిన తువ్వాలు దీనితో పంపుతున్నాను. పాసని నేను వ్రాశాను, మార్కులు తమరే చూసి వేయండి. కొసన జానెడు మేర నేత వదులుగా ఉంటుంది, దానికి అతని మార్కులు కోయవద్దు. ఆ జానెడు నేను నేసింది. "ఇన్నేండ్లు బయటినుంచి మగ్గం చప్పుడు ఇన్నవు గద, కూసో" అని తల్లీకొడుకులిద్దరూ గుంటలోకి దింపారు.