గ్లెండా పేరున్న బ్యూక్

జూన్ 3, 2014, మంగళవారం

మా చెల్లెలు గ్లెండాకి ఈ రోజు ఒక ఫోటో వచ్చింది. అప్పటినుంచి నా కడుపు మండుతోంది.

ఒహాయోలో ఆరిన్ స్టకీ అని ఒకాయన ఉన్నాడట. స్కూలు బస్సుల మెకానిక్‌గా చేసి రిటైరయ్యాడు. ఆయన దగ్గర 57 మోడల్ బ్యూక్ స్పెషల్ కారు ఉంది, మా ఫ్లింట్ ఊరి ప్లాంటులో తయారైనదే. ఎలుకలు దూరాయని వెనక సీటు ఊడదీస్తే, దాని వెనక రేకు మీద పసుప్పచ్చ మైనపు పెన్సిలుతో రాత కనపడిందట. ఈ రోజు నాకు కూతురు పుట్టింది, పేరు గ్లెండా, హార్లన్ ప్రూయిట్, ట్రిమ్ లైను, మార్చి 14, 1957, అని. హార్లన్ మా నాన్న. ఆ పేర్లు పట్టుకుని ఆరా తీసి తీసి చివరికి గ్లెండా దగ్గర తేలాడు.

గ్లెండా ఫోన్లో ఏడ్చింది. అక్కా, నాన్న నా పేరు రాశాడే, నా పేరే రాశాడే అని ఒకటే మాట. చాలా సంతోషం అన్నాను. ఫోన్ పెట్టేసి, కడిగిన గిన్నెలు కూడా తీసి మళ్ళీ తోమాను.

రాత నాన్నదే. అందులో అనుమానం లేదు. అనుమానం ఉంటే ఎంత బాగుండేది.

జూన్ 4

ట్రిమ్ లైన్లో, అంటే కార్లకి సీట్లూ గుడ్డలూ బిగించే చోట, రాయనివాడు లేడు. తలుపు ప్యానెల్ లోపల, సీటు వెనక, డాష్‌బోర్డు కింద. పుట్టినరోజులు, బేస్‌బాల్ స్కోర్లు, ఫోర్‌మన్ మీద బూతులు. పైన గుడ్డ బిగించాక ఎవడు చూడొచ్చాడు? కారుతోపాటే రాతా పోతుంది. నేనూ రాశాను. నాన్న రాశాడంటే వింత ఏమీ లేదు. ఎవరి పేరు రాశాడన్నదే నన్ను తినేస్తోంది.

చాకిరీ చేసింది నేను. పద్దెనిమిదేళ్ళకే ఆయన ప్లాంటులో చేరాను. తొమ్మిదేళ్ళు ఆయన పక్క సీట్లో కూర్చుని షిఫ్టుకి వెళ్ళాను. ఆయన బోలోనీ శాండ్‌విచ్ నేనే కట్టాను. చివర్లో ఆక్సిజన్ సిలిండర్లు మార్చిందీ నేనే. గ్లెండా ఏం చేసింది? 1983లో జపాన్ కారు కొనుక్కుని ఇంటికొచ్చింది. అమెరికా కార్లు చేసుకుని బతికే ఫ్లింట్‌లో దానికంటే జైలుకి వెళ్ళొచ్చినా నయం. నాన్న ఆ కారుని మా డ్రైవ్‌వేలో పెట్టనివ్వలేదు. థాంక్స్‌గివింగ్ పండక్కి కూడా మూడిళ్ళ అవతల ఆపుకుని, చేతిలో గుమ్మడికాయ స్వీటు పట్టుకుని మంచులో నడిచొచ్చింది. రెండేళ్ళు ఆయన దాంతో మాట్లాడలేదు.

అలాంటిదాని పేరు రాశాడు.

జూన్ 11

గ్లెండా ఆ ఫోటోకి ఫ్రేమ్ కట్టించిందట.

జూన్ 15, ఫాదర్స్ డే

నాన్న సమాధి దగ్గరికి గ్లెండా, నేనూ వెళ్ళాం. ప్రతి ఏడాదీ పువ్వులు నేనే తెస్తాను. ఈసారి అది ముందే తెచ్చి పెట్టేసింది. నావి పెట్టడానికి చోటు లేక పక్కన ఎవరిదో సమాధి మీద పెట్టాను. ఆ మనిషి పేరు కూడా చూడలేదు.

ఇంటికొచ్చి బ్యూక్ ఓనర్ల క్లబ్ వాళ్ళ పత్రికకి ఒక ప్రకటన పంపాను. 54 మోడల్ ఉన్నవాళ్ళు దయచేసి వెనక సీటు తీసి చూడండి, వెర్నా అనే నా పేరు ఉంటే నాకు రాయండి, అని. నేను పుట్టింది 53 డిసెంబరులో. మూడేళ్ళ తర్వాత పుట్టినదానికి రాసినవాడు మొదటి పిల్లకి రాయడా?

జూలై 2

పదకొండు జవాబులు వచ్చాయి. మొహం తెలియని మనుషులు నా కోసం సీట్లు ఊడదీశారు. కెనడాలో సస్కచ్వాన్ రైతు ఒకాయనకి వేరుశనగ తొక్కలు, ఎండిపోయిన కప్ప దొరికాయట. టెన్నెసీ ఆయన మూడు పేజీలు రాశాడు. ఆ కారులోనే పెళ్ళికి వెళ్ళాడట, అందులోనే ఇద్దరు పిల్లల్ని ఇంటికి తెచ్చుకున్నాడట, ఇంజన్ రెండుసార్లు దించాడట, చచ్చినా అమ్మడట. రాత మాత్రం లేదు. నెబ్రాస్కా వాళ్ళ కారులో రాత ఉంది కానీ, స్టాన్ ఒట్టి మొద్దు అని ఉందట.

అరిజోనా నుంచి ఒకావిడ రాసింది. మీ పేరు లేదమ్మా, నాకొక హెయిర్‌పిన్ను దొరికింది, అది నాది కాదు, మా ఆయన పోయి పదేళ్ళయింది, ఇప్పుడు నేనెవర్ని అడగను, అని. ఆవిడకి జవాబు రాద్దామని కూర్చున్నాను. కవరు మీద ఆవిడ అడ్రసు మాత్రం రాశాను.

జూలై 19

కాజ్ నొవాక్‌ని చూడ్డానికి నర్సింగ్ హోముకి వెళ్ళాను. ట్రిమ్ లైన్లో నాన్న పక్కనే నిలబడి చేసేవాడు. తొంభై ఒకటి నిండాయి, నోరు మాత్రం ఇంకా తగ్గలేదు.

సంగతంతా చెప్పాను. పడీపడీ నవ్వాడు. ఏమే పిల్లా, నువ్వు పుట్టినప్పుడు రాయడానికి కారేదీ అన్నాడు. ఆ డిసెంబరులో మోడల్ మార్పు. లైను ఆపేసి అందర్నీ ఇళ్ళకి పంపేశారట. మీ నాన్నకి పనీ పాటా లేక నిన్నెత్తుకుని వీధి వీధంతా తిరిగాడు, బార్‌కి కూడా తెచ్చాడు, మేమంతా నిన్ను చూసి విసిగిపోయాం, ఇంకేం కావాలే నీకు అన్నాడు.

నాకు రేకు కావాలి.

ఎత్తుకుని తిరిగిన సంగతి ఎవరికి తెలుసు? కాజ్‌కి తెలుసు. కాజ్ రేపో మాపో అన్నట్టున్నాడు. రేకు మీది రాత యాభై ఏడేళ్ళు ఉంది, ఇంకో యాభై ఉంటుంది.

జూలై 20

కూల్చేసిన ప్లాంటు ఉండే చోటు మీదుగా కావాలనే వెళ్ళాను. గడ్డి మోకాళ్ళెత్తు పెరిగింది. రాసినవాళ్ళూ లేరు, రాసిన చోటూ లేదు.

ఆగస్టు 14, గురువారం

స్టకీ ఆ బ్యూక్ తీసుకుని ఫ్లింట్ వచ్చాడు. శనివారం ఇటుకల వీధిలో కార్ల పండగ. ఫ్యాక్టరీలోంచి వచ్చినప్పట్నుంచీ ఏ భాగమూ మార్చని కార్ల క్లాసులో ఆయన తన కారుని పోటీకి పెడుతున్నాడు. గ్లెండా లాన్సింగ్ నుంచి రేపు వస్తుంది. వడగళ్ళు పడతాయని రేడియోలో చెప్పారు, కారు నా గ్యారేజీలో పెట్టమన్నాను. వెర్నా గారూ, మీ రుణం ఉంచుకోను అన్నాడు. మంచివాడు. అదే బాధ.

కారు పైన తెలుపు, కింద లేతాకుపచ్చ. ఆయన సీటు తీసి చూపించాడు, నేను లైటు పట్టుకున్నాను. నాన్న దగ్గర కూడా ఎప్పుడూ లైటు పట్టుకునే పనే నాది. గ్లెండా అన్న పేరు కింద నాన్న ఒక గీత కూడా గీశాడు. ఫోటోలో అది సరిగ్గా పడలేదు. రాతకి దిగువన దూది పొర అతికించి ఉంది. స్టకీ దాన్ని కదపలేదట. ఊడదీస్తే జడ్జీలు మార్కులు కోస్తారట.

ఆగస్టు 15, మధ్యాహ్నం

చేసేశాను.

గ్లెండా పదింటికొచ్చింది. రాత ముందు మోకాళ్ళ మీద కూర్చుని, వేలు దగ్గరదాకా పెట్టి ముట్టుకోకుండా వెనక్కి తీసుకుంది. స్టకీతో అంది, ఆ ఇంట్లో అక్కే కూతురండీ, నేను అద్దెకున్నదాన్నని అనుకునేదాన్ని, ఇన్నాళ్ళకి ఇల్లు నాదీ అని తెలిసింది, అని. ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. నేను కాఫీ పెడతానని లోపలికి వచ్చేశాను.

తర్వాత ఇద్దరూ కోనీ హాట్‌డాగులు తినడానికి వెళ్ళారు. తలనొప్పని నేను ఆగిపోయాను. నా పాత టూల్‌బాక్స్‌లో ప్లాంటు మైనపు పెన్సిలు ఇంకా ఉంది, పసుప్పచ్చదే. దూది పొర అంచు కత్తితో లేపాను. నాన్న దస్తూరీ నాకు కొట్టినపిండి. జబ్బు చేశాక ఆయన చెక్కులన్నీ నేనే సంతకం పెట్టాను, బ్యాంకువాడు ఒక్కసారి కూడా కనిపెట్టలేదు. రెండే మాటలు రాశాను. వెర్నా చెల్లెలు.

అబద్ధం ఏముంది ఇందులో? అది నా చెల్లెలు కాదా?

వాళ్ళు రాగానే, దూది దానంతటదే ఊడింది చూడండి, కింద ఇంకేదో ఉంది అన్నాను. గ్లెండా చదివి నన్ను కావలించుకుంది. అక్కా, నువ్వూ ఉన్నావే అంది. వదల్లేదు చాలాసేపు. నాకోసం రెండు కోనీలు తెచ్చింది. రెండూ తిన్నాను.

ఆగస్టు 16, శనివారం

జడ్జి పేరు వాండర్‌మీర్. పొడుగాటి మనిషి, జేబులో చిన్న టార్చి. రేకంతా వెతికాడు. ఊడిన దూది అంచు చూశాడు. బొటనవేలితో నా మాటల్ని రుద్దాడు. వేలికి పసుపు రంగు అంటింది. ఆ వేలు అందరికీ చూపించాడు.

రెండూ ఒకే చేతి రాత అన్నాడు. కిందిది నిన్న మొన్నటిది, కాబట్టి పైదీ దొంగదే, దాన్ని బాగా ఎండబెట్టి ఉంటారు అన్నాడు. నేను మరీ అంత బాగా రాయకుండా ఉండాల్సింది.

స్టకీని క్లాసులోంచి తీసేశారు. చుట్టూ జనం. ధర పెంచుకోడానికి ఏడుపు కథలు రాసుకుంటున్నార్రా ఈ మధ్య, అన్నాడు వెనకనుంచి ఒకడు. ఇంకొకడు, ఇదిగో తాతా, రేపు రేకు మీద నా పేరు కూడా రాయి, నేనూ నీ కొడుకునే అన్నాడు. స్టకీ నా వైపు ఒక్కసారి చూశాడు. కుర్చీ మడిచి డిక్కీలో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను.

ఇంటి దగ్గర కారు దిగేటప్పుడు గ్లెండా, నేనే పిచ్చిదాన్ని అక్కా, నాన్న నా పేరెందుకు రాస్తాడు అంది.

రాస్తున్నాను కాబట్టి నిజమే రాయాలి. ఆ మాట విన్నప్పుడు ఒక్క నిమిషం నాకు హాయిగా అనిపించింది.

ఆగస్టు 19

గ్లెండా ఫ్రేమ్ గోడమీంచి తీసేసిందట. స్టకీకి నానా మాటలూ రాసి పంపిందట. ముసలాడివి, నీకేం పోయేకాలం, చచ్చిపోయిన మా నాన్న పేరుతో ఆడుకున్నావు అని. ఆయన ఒక్క ముక్క జవాబిచ్చాడట, నేను రాయలేదమ్మా అని. నా పేరు ఎత్తలేదు. ఎత్తొచ్చుగా.

ఆగస్టు 21

ఏమీ తినాలని లేదు.

నాన్న రాసిన రాతని ప్రపంచంలో నాన్నది కాకుండా చేసింది నేనే. ఇది ఎవరికీ చెప్పకపోతే అలాగే ఉండిపోతుంది. గ్లెండా అద్దెకున్నదిగానే చచ్చిపోతుంది.

ఆగస్టు 24, ఆదివారం

లాన్సింగ్ వెళ్ళాను. గ్లెండా ఇంటిముందు ఇప్పుడు కూడా జపాన్ కారే. నా కారు దాని వెనక పెట్టాను.

కూర్చోకుండానే చెప్పేశాను. కింది రెండు మాటలూ నేనే రాశాను, దూది నేనే లేపాను, స్టకీకి ఏ పాపం తెలియదు అన్నాను. అది తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. పైది, అని మాత్రం అడిగింది. పైది నాన్నదే అన్నాను. ఒట్టా అంది. ఒట్టు అన్నాను. నాన్న మీద ఒట్టా అంది. నాన్న మీద ఒట్టు అన్నాను.

లోపలికి వెళ్ళి ఫ్రేమ్ తెచ్చి గోడకి తగిలించింది. వంకర పోయిందేమోనని వెనక్కి జరిగి చూసుకుంది. ఎందుకు రాశావే అని వీపు తిప్పుకునే అడిగింది. ఓర్చుకోలేక అన్నాను. తొమ్మిదేళ్ళు నువ్వు ఆయన పక్కన కూర్చుని వెళ్ళావు, నేను కిటికీలోంచి చూసేదాన్ని, నాకు ఎలా ఉండేదో ఎప్పుడైనా అనుకున్నావా అంది. అనుకోలేదు. నిజంగా ఎప్పుడూ అనుకోలేదు.

ఇక వెళ్ళు అంది. వచ్చేశాను.

వాండర్‌మీర్‌కి ఫోన్ చేసి చెప్పాను. ఊడిన దూది ఊడిందే, క్లాసులోకి తిరిగి తీసుకోం అన్నాడు. అయితే కథ కట్టింది స్టకీ కాదని క్లబ్ పత్రికలో నా పేరుతో వేస్తానన్నాడు. వేయమన్నాను. ఊరంతా చదువుతుంది. స్టకీకి కూడా చేశాను. మీరేనని నాకు అక్కడే తెలుసండీ అన్నాడు. మరెందుకు చెప్పలేదు అన్నాను. అక్క మీద చెల్లెలికి పరాయివాణ్ణి నేనేం చెప్పను, మీరు చెప్పారుగా, చాలు అన్నాడు.

సెప్టెంబరు 9

స్టకీ ఉత్తరం. నా మాటలు తుడిచేద్దామని చూశాడట. నా అక్షరాల తలలు నాన్న అక్షరాల కాళ్ళకి తగులుకుని ఉన్నాయట, తుడిస్తే ఆయనవి కూడా పోతాయట. గ్లెండాని అడిగాడట. ఉండనివ్వండి అందట. మా అక్క మొహం చూసి కాదు, మా నాన్న అక్షరాల కోసం అందట.

ఎందుకైతేనేం. ఉన్నాను.