సోమవారం ఆయాసం

2 ఫిబ్రవరి 1981, సోమవారం. ఆదోని

ఈయనకు మళ్ళీ ఛాతీ పట్టేసింది. ఏడింటికి మిల్లుకు పోయాడు. పది కాకముందే తోటి పనివాడు తిక్కయ్య రిక్షాలో తెచ్చి దింపాడు. ఎద మీద బండ పెట్టినట్టుందట, గాలి సగం దాకే పోతోందట. ఇరవై నాలుగేళ్ళ మనిషి గోడకు ఆనుకుని ముసలాడిలా కూర్చున్నాడు. రేపు మామూలుగా లేచి డ్యూటీకి పోతాడు. పోయిన సోమవారమూ ఇంతే. పెళ్ళయి నాలుగు నెలలు కాలేదు, నాకు సోమవారం అంటేనే దడ పుడుతోంది.

5 ఫిబ్రవరి

ఎక్స్‌రే తీశారు. హార్ట్ నార్మల్ అట. గ్యాస్ కావచ్చు, మంచు కావచ్చు, టెన్షన్ కావచ్చు అన్నాడు డాక్టరు. బీడీ తాగుతావా అని అడిగాడు. తాగడు. ఏం పని చేస్తావని మాత్రం అడగలేదు. కొత్తగా పెళ్ళయిందా అని నవ్వాడు. ఆ నవ్వు అత్తమ్మ చూసింది.

9 ఫిబ్రవరి, సోమవారం

మళ్ళీ.

10 ఫిబ్రవరి

అత్తమ్మ వాకిట్లో పక్కింటి హుసేనమ్మతో అంటోంది, నేను వినాలనే. వారమంతా గుండురాయి మాదిరి తిరిగేటోడు, ఆదివారం పెండ్లాంతో ఇంట్లో ఉంటే సాలు, సోమవారం కూలబడతాండాడు, జబ్బు యాడుందో నేను సెప్పల్నా అని. సిగ్గుతో చచ్చిపోయాను. కోపమూ వచ్చింది. ఆదివారం ఈయన నా దగ్గర చేసే ఘనకార్యం నిద్రపోవడం! ఈయనతో చెబితే, అమ్మ అట్లే అంటాదిలే అని అటు తిరిగి పడుకున్నాడు.

1 మార్చి, ఆదివారం

ఇక నుంచి శనివారం, ఆదివారం నేను హుసేనమ్మ ఇంట్లో పడుకోవాలని అత్తమ్మ హుకుం. సరే అన్నాను. రేపు ఆయాసం రాకూడదని సుంకులమ్మ తల్లికి మొక్కుకున్నాను.

2 మార్చి

వచ్చింది. నేను చేసిన కూర తిన్నాడు కదా అంటోంది అత్తమ్మ.

27 మార్చి

పవర్ కట్ అని మిల్లు మూసేసి రెండు వారాలు దాటింది. ఈయన పొద్దస్తమానం ఇంట్లోనే, నా పక్కనే. ఒక్క రోజు కూడా ఛాతీ పట్టలేదు! బావి నుంచి రెండు బిందెలు ఒకేసారి మోసుకొచ్చాడు. నిన్న పాట కూడా పాడాడు, వినలేక ఆపమన్నాను.

నాకు తెలిసిపోయింది. ఈయన పని దూది ఏకే గదిలో. కనురెప్పల మీద కూడా నూగు పట్టుకుని ఇంటికొస్తాడు. జబ్బు ఆ గదిలో ఉంది. నాలో లేదు. ఎంత తేలికైన మాట!

30 మార్చి, సోమవారం

మిల్లు తెరిచారు. ఎప్పుడూ లేనంతగా పట్టింది. పెదాలు నల్లబడ్డాయి. మిల్లు లేనన్నాళ్ళూ బాగుండె, పోయిన రోజే పట్టె, చూడు అత్తమ్మా అన్నాను. అన్ని దినాలు నీ పక్కనుంటే ఇంత కాక ఎంత వస్తాది అంది.



1 ఏప్రిల్

ఈయనకు తెలుసు. ముందు నుంచే తెలుసు. ఆ గదిలో పనిచేసే వాళ్ళందరికీ సోమవారం కష్టమేనట, ఒక రోజు సెలవుండి మళ్ళా ఆ నూగు పీలిస్తే పట్టేస్తుందట. పర్మనెంట్ చేస్తామన్నారట, ఇప్పుడు నోరెత్తితే మళ్ళా సొంతూరు ఆస్పరికి పోయి కూలి చేయాల్సిందేనట. కొన్నాళ్ళు మీ అన్న దగ్గర ఉండు, అమ్మ నోరు మూస్తాది అన్నాడు. నా ముఖం చూడకుండా అన్నాడు. మిల్లును వదలలేడు, నన్ను వదలగలడు. ఏడుస్తానని అనుకున్నాను, ఏడుపు రాలేదు.

26 ఏప్రిల్. ఎమ్మిగనూరు

అన్న గోవిందు ఆదోనికి పోయి చూసి వచ్చాడు. ఈయన ఆదివారాలు కూడా డ్యూటీ చేస్తున్నాడట. ఛాతీ పట్టడం లేదట. కోడలు పోయె, జబ్బు పోయె అని అత్తమ్మ వీధంతా చెప్పిందట. సెలవే లేకుంటే సెలవు మరుసటి రోజు ఎక్కడి నుంచి వస్తుంది? ఇది ఎవరికి చెప్పాలి? అన్న కూడా నన్ను ఒక మాదిరిగా చూస్తున్నాడు.

15 జూన్

పిలుపు రాలేదు.

24 నవంబరు 1982, బుధవారం

తిక్కయ్య వచ్చాడు. ఈయనకు ఇప్పుడు రోజూ పడుతోందట. మంగళవారం, బుధవారం, అన్నీ. మెట్టెక్కలేడట. అత్తమ్మ రమ్మందట.

ఏడాదిన్నరగా నేను ఆ ఇంట్లోనే లేను. బస్సులో నవ్వొచ్చింది. ఆపుకోలేకపోయాను. ఏం శుభవార్తమ్మా అని పక్కనామె అడిగింది. మా ఆయనకు రోజూ వస్తోందట అన్నాను.