పసుపు పూసిన అద్దం

సాయిలు నాయినా,

నువ్వు పోయి రేపటికి ఏడాది. ఈ ఉత్తరం నీకు అందదని తెలుసు. అయినా ఈ మాట నీకు చెప్పకుండా ఉండలేను.

మొన్న మన గొర్రెల మంద దగ్గర, పెద్ద గొడుగులాంటి గుడ్డకు వేలాడుతూ ఆకాశం నుంచి ఒక పెట్టె దిగింది. మన కొడుకు సాయిలు దాన్ని ఇంటికి మోసుకొచ్చాడు. పైనుంచి వచ్చింది కదా, ఏ దేవుడిదో ఏమోనని భయపడి దాని అద్దానికి పసుపు పూసి బొట్టు పెట్టాను.

ఈరోజు పట్నం నుంచి జీపులో ఒక సారు వచ్చాడు. అద్దం చూడగానే ఆయన ముఖం మాడిపోయింది.

"గిది ఎవరు ముట్టిండ్రు?"

సాయిలును పట్టుకుపోతారేమోనని వాడికి అడ్డంగా నిలబడ్డాను.

"నేనే బిడ్డా. నా కొడుకుకేం తెల్వదు. తీస్కపోతే నన్ను తీస్కపో."

ఆయన పెట్టె విప్పి, లోపల గీతలు గీసి ఉన్న కాగితపు చుట్టను చివరిదాకా చూసి, అప్పుడు నవ్వాడు.

"ఫికర్ చెయ్యకవ్వా. గీ పెట్టె చూసేదంతా పైన్నే చూసింది. ఎండల మన కంటికి కనబడని వెలుగుంటది. గా వెలుగు ఎంతుందో కొలిచెటందుకు పంపినం."

"కనబడనిది ఏం జేస్తది సారూ?"

"కండ్లు మండిస్తది, పోను పోను చూపు తీస్తది. మబ్బున్నా దిగుతది."

మబ్బు రోజున కూడా కళ్లు మండుతున్నాయని నువ్వంటే, "మబ్బుల ఎండేంది? మంద తోలబుద్ధి గాక సాకులు" అని కసిరేదాన్ని. చివరి రెండేళ్లు నువ్వు నన్ను నా గొంతు వినే గుర్తుపట్టేవాడివి.

జీపు పోయాక సాయిలు కళ్లు నలుపుకుంటూ మంద తోలబోయాడు. నీ తువ్వాల తెచ్చి వాడి తలకు చుట్టి, నుదురు దాటి కళ్లకు నీడ పడేలా లాగాను.

"ఇయ్యాల మబ్బే గదనే అమ్మా," అన్నాడు.

"తెల్సు, కట్టుకో," అన్నాను.